కుర్చీల లెక్క

సినిమా సంగతి నన్నడగకుండ్రి.
కుర్చీల సంగతి అడిగితే చెప్త.

మొదటి ఏడు అడిక్‌మెట్‌ల రేకుల షెడ్డు,
పగటీలి కుట్టుమిషన్ల క్లాసు, రాత్రి సినిమా.
ముప్ఫై కుర్చీలు గావాలన్నరు.
"గింతమంది వస్తరా?" అన్న.
సౌజన్య నవ్వింది,
అడ్వాన్సు చిల్లర లెక్కవెట్టుకుంటనే.
రాత్రి పదకొండింటికి సామాను ఎత్తవోతే
పంతొమ్మిది కుర్చీలు
నేను పేర్చినట్టే ఉన్నయి, ఒకదానిమీద ఒకటి,
దుమ్ము గూడ చెదరలే.
మిగిలిన పదకొండు
తెర దిక్కు లేవు,
ఒకదాని దిక్కు ఒకటి తిరిగున్నయి.

తెర గూడ మాదే.
దావత్‌లల్ల వంటోళ్లకు అడ్డం కట్టే తెల్ల పరదా.
పైమూలకు పసుపు మరక,
ఎంత ఉతికినా పోలే.
రెండో ఏడు ఏ ఊరి సినిమా ఏసినా,
ఎవ్వరి మొకం దగ్గరికొచ్చినా
ఎడమ చెంప మీద గదే మరక.
ఆ రాత్రి వాన.
షామియానా పొట్ట నీళ్లతోటి ఉబ్బితే
అంజద్ కట్టెతోటి పొడిచి పారబోసిండు,
తడిసినోళ్లు లేచి పోలే.
నాకు గదే అర్థం గాలే.

మూడో ఏడు నూటిరవై పంపిన.
నూటపందొమ్మిది వచ్చినయి.
లెక్క లెక్కనే కదా,
మూడొందల యాభై పట్టుకున్న.
ఛాయ్ పైసలల్లకెళ్లి తీసిచ్చింది సౌజన్య,
ఒక్క మాటనలే.

మా ట్రాలీ ఐలేష్ ఉన్నడు చూసిండ్రా,
కుర్చీలు దించి వాపస్ రావాల్సినోడు
ఎనుక గోడకు ఒరిగి నిలవడేటోడు.
ఫోన్ చేస్తే "డీజిల్ అయిపోయింది సేట్."
ప్రతి ఏడు గా మూడు రోజులే
డీజిల్ అయిపోయేది.

తర్వాత రెండేండ్లు పెండ్లిళ్లే లేవు,
సినిమాలెక్కడియి.
గోదాంల కుర్చీకాళ్ల నడుమ
సాలెపురుగులు తెరలు కట్టినయి.
బొమ్మ పడలే.

మళ్ల మొదలైనప్పుడు ఆరువందలడిగిండ్రు.
ముషీరాబాద్ నుంచి ఎర్రయి, నల్లకుంట నుంచి నీలియి,
బర్కత్‌పుర సత్తార్ భాయ్ కాడ చేతుల్లేనియి
అరువు దెచ్చి నింపిన స్కూల్ గ్రౌండు.
ఉట్నూరు నుంచొచ్చిన కుమ్ర జంగు
వాళ్లమ్మ మాట్లాడే భాషల సినిమా ఏసి
పక్కకు నిలవడి మైకుల తెలుగు చెప్పుకుంటొచ్చిండు.
ఒక్కకాడ ఆగిండు.
"దీనికి మీ దగ్గర మాట లేదు" అన్నడు.
ఆరువందల కుర్చీలల్ల
ఒక్క కుర్చీ కిర్రుమనలే.

ఈ ఏడు మాల్‌ల. మూడో అంతస్తు.
ఫోన్‌ల సౌజన్య గొంతు సన్నగైంది:
"అన్నా, ఈసారి కుర్చీలొద్దు.
మీరొచ్చి కూసోవాలె."
కార్డు పంపింది.
సిమెంటోళ్ల పేరు, బిస్కెట్లోళ్ల పేరు అయినంక
చిన్నగ పండుగ పేరు.

పోయిన. మెత్తటి సీటు,
కూల్‌డ్రింక్ పెట్టుకోను గుంత.
అలవాటు పాడుగాను, వంగి కాళ్లు చూసిన.
బోల్టులు.
ఏ కుర్చీ ఏ దిక్కూ తిరగదు.

ఐలేష్ సినిమా పద్నాలుగు నిమిషాలు.
బస్తీ నల్లా కాడ బిందె వెట్టి
ఒక ముసలామె కూసుంటది.
నీళ్లు రావు. గంతే.
నా పక్కనున్న పిల్లగాడు రెండుసార్లు ఫోన్ చూసిండు.
నాకూ ఆవులింత వచ్చింది, అబద్ధమెందుకు.
గప్పుడు ముసలామె లేచి నల్లా తిప్పవోయింది.
కుర్చీ వీపు మీద ఎర్రరంగు,
నా చేతిరాత: రే.టెం.
ఎడమకాలికి సుట్టుతీగ.

లేచి నిలవడ్డ.
"బైఠో భాయ్" అన్నరు ఎనుకనుంచి.
కూసున్న.
నీళ్లు వచ్చినయో లేదో
సక్కగ చూడలే.

బయట ఐలేష్ చుట్టు జనం.
నన్ను చూసి తల దించుకున్నడు.
నేనూ మెట్ల దిక్కు తిరిగిన.

ఇంటికొచ్చి మూడో ఏటి చిట్టా తీసిన.
"ఒకటి తక్వ" అన్నకాడ గీత కొట్టిన.
ఇగ సౌజన్యకు మూడొందల యాభై ఇయ్యాలె.
ఏ పద్దు కింద రాయాలెనో
తెలుస్తలేదు.